లక్క సీలు వేసిన రిటర్ను

ఆ రోజు పొద్దున్న పార్సిల్ మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, రేడియోను పార్సిల్ కట్టడం, పదింటికి వచ్చే కొరియరు మనిషికి అప్పగించడం, ఆపైన హాయిగా పేపరు చదువుకోవడం. ముప్పై నాలుగేళ్ళు పోస్టాఫీసు పార్సిల్ కౌంటర్లో పనిచేసి రిటైరైన మనిషికి ఒక పార్సిల్ పంపడం ఒక పనా? వీధిలో అందరూ ఇప్పటికీ ఆయన్ని పార్సిల్ మాస్టారనే పిలుస్తారు.

పెళ్ళయిన కొత్తలో కొన్న రేడియో రెండు నెలల కిందట మూగబోయింది. పొద్దున్నే పాటలు వింటూ కూరలు తరిగే అలవాటున్న ఆయన భార్య అప్పట్నుంచి వట్టి కత్తిపీట చప్పుడు వింటోంది. మాస్టారికి ప్రాణం ఉసూరుమంది. ఆన్‌లైన్లో అచ్చం అలాంటి రేడియో ఫొటో చూసి ముచ్చటపడి తెప్పించారు. తీరా చూస్తే అది సబ్బుబిళ్ళంత ఉంది. ఈలోగా రిపేరు మనిషి, పాత రేడియోకి కావలసిన భాగం దొరికిందనీ, నెలాఖరు దాకా ఎవరికీ ఇవ్వకుండా ఉంచుతాననీ చెప్పాడు. దాని ఖరీదు సరిగ్గా ఈ సబ్బుబిళ్ళ రేడియో ధరా, దాని డెలివరీ చార్జీ కలిపినంత. అందుకే దీన్ని తిప్పి పంపాలనుకున్నారు.

"నాన్నా, పధ్నాలుగు రోజుల్లోపు తిప్పి పంపితే ధరే కాదు, వచ్చేటప్పుడు మనం కట్టిన డెలివరీ చార్జీ కూడా వాళ్ళివ్వాలి. అది మన హక్కు. ఎవరూ అడగరు, అందుకే వాళ్ళూ ఇవ్వరు," అంది కూతురు ఆఫీసుకు బయల్దేరుతూ. "ఇదిగో, వాళ్ళ లేబులు. పెట్టె మీద అంటించు, చాలు."

"అంటిస్తే చాలా? వానొస్తేనో?" అన్నారు మాస్టారు.

కంపెనీ వాళ్ళ అట్టపెట్టెను ఆయన చేత్తో ఎత్తి చూశారు. వస్తువును చేత్తో పట్టుకుని బరువు చెప్పగలడని కౌంటర్లో ఆయనకు పేరు. "బరువే లేదు! ఇందులో వస్తువుందంటే ఎవరైనా నమ్ముతారా?" అని చీదరించుకుని, అటకమీంచి తన పాత సరంజామా దించారు. తెల్లగుడ్డ, దబ్బనం, పురికొస, లక్క. లేబులు తడవకుండా పెట్టెకు చుట్టి, దానిమీద గుడ్డ కుట్టి, నీలిరంగు పెన్సిలుతో రెండు చిరునామాలూ రాసి, ఆరు చోట్ల సీళ్ళు వేశారు. లక్క కాలిన వాసనకి ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ వాసన పీల్చుకుంటూనే ఆయన కాపురం చేశారు, కూతుర్ని చదివించారు. ఎక్కడో పాట వినబడింది. పక్కింటివాళ్ళు అదృష్టవంతులు అనుకుని నిట్టూర్చారు.

కొరియరు మనిషి పార్సిలును అటూ ఇటూ తిప్పాడు. "బార్‌కోడు ఏది సార్?"

"లోపల భద్రంగా ఉంది."

"లోపలుంటే మిషను ఎలా చదువుతుంది?"

"మిషనుతో ఏం పని? నువ్వు చదువు. గుండ్రంగా రాశాగా!"

పాపం, అతను తీసుకెళ్ళాడు. రెండోరోజుకి పార్సిలు మళ్ళీ గుమ్మంలోకి వచ్చింది. పైన మిషను చదివే ముక్క ఏదీ లేకపోతే, పంపినవారి చిరునామా చూసి తిప్పి పంపారట. మాస్టారు మాత్రం ఆరు సీళ్ళూ లెక్కపెట్టుకుని మురిసిపోయారు.

కూతురు తల పట్టుకుని కొత్త లేబులు తెచ్చి, గుడ్డ మీదే అంటించమని మరీ మరీ చెప్పింది. అలాగే అంటించారు. కానీ ఊడిపోతుందేమోనన్న అనుమానంతో నాలుగు మూలలా లక్క పోసి, మనసొప్పక నడుమ మరో సీలు గుద్దారు. బార్‌కోడు సగం దానికింద పడింది. నాలుగో నాటికి పార్సిలు మళ్ళీ ఇంటికొచ్చింది.

మాస్టారు కంపెనీకి ఫోను చేశారు. అవతల అమ్మాయి గొంతు తేనెలా ఉంది. "సార్, మీ వస్తువు మాకు చేరలేదు కాబట్టి ధర గానీ డెలివరీ చార్జీ గానీ ఇవ్వలేమండి. ఇంకేమైనా సహాయం కావాలాండి?"

"ముందు ఈ సహాయం చెయ్యి తల్లీ!"

"ధన్యవాదాలండి," అని ఫోను పెట్టేసింది.

పదమూడో రోజున మాస్టారు ఉతికిన చొక్కా వేసుకుని, పార్సిలును చంకన పెట్టుకుని, రెండు బస్సులు మారి కంపెనీ గోదాముకు వెళ్ళారు. రిటర్నులు చూసే ఆఫీసరు జుట్టు నెరుస్తున్న మనిషి. పని ఒత్తిడిలో తలెత్తకుండానే చెయ్యి చాచాడు. పార్సిలు మీద చూపు పడగానే మాట ఆగిపోయింది.

"ఈ రాత... మీదేనా? మీరు పెద్ద పోస్టాఫీసులో మూడో కౌంటరు కదూ?"

"అవును బాబూ. నీకెలా తెలుసు?"

"నేను హాస్టల్లో చదువుకున్నా. మా అమ్మకి రాయడం రాదు. నెలకోసారి మీ దగ్గరే పార్సిల్ కట్టించేది. చిరునామా కింద చిన్న అక్షరాల్తో 'వేళకి తిను' అని ఉండేది."

మాస్టారికి గుర్తొచ్చింది. "చిరునామా తప్ప ఇంకేమీ రాయకూడదమ్మా అంటే వినేది కాదు. వరసలో వెనకాల ఇరవైమంది ఉన్నా కదిలేది కాదు. రూలుకి విరుద్ధమే. రాశాను."

"నాలుగేళ్ళు అది చదువుకునే తిన్నా సార్. అమ్మ ఇప్పుడు లేదు," అన్నాడు ఆఫీసరు. పాత రోజులు అంత దగ్గర్లో ఉన్నాయని మాస్టారికి అంతవరకూ తెలియదు.

"మీ డబ్బు మొత్తం, డెలివరీ చార్జీతో సహా, ఇప్పుడే ఇప్పిస్తా. వస్తువు ఒకసారి చూసి రాసుకోవాలి, అంతే." అక్షరాలు చెడకుండా ఒక్కో కుట్టే విప్పడానికి అతనికి పావుగంట పట్టింది. అట్టపెట్టె తెరిచాడు. లోపల తెల్లటి స్పాంజిలో సబ్బుబిళ్ళంత గుంట ఉంది. రేడియో లేదు.

మాస్టారు స్పాంజి ఎత్తి అడుగున కూడా వెతికారు. ఇంటికి ఫోను చేస్తే భార్య ఎత్తింది. వెనకాల పాట హోరెత్తుతోంది.

"ఆ రేడియో ఏదీ?"

"నా దగ్గరే ఉందండీ. వచ్చిన మర్నాడే తీసి వంటింట్లో పెట్టుకున్నా. గుప్పెడంత ఉంది గానీ గొంతు మన పాతదానిలాగే ఉంది!"

"మరి నేను రెండుసార్లు పంపి, ఇప్పుడు మోసుకొచ్చిందేమిటి?"

"నాకేం తెలుసు? రిటైరయ్యాక మీరు తలగడలకీ సీళ్ళు వేశారు. ఇదీ అలాంటి సరదానే అనుకున్నా. తిరిగిచ్చెయ్యాలా ఏంటి?" ఆఖరి మాటకి ఆవిడ గొంతు చిన్నబోయింది.

గడువు ఇంకా ఒక రోజుంది. మాస్టారు ఆఫీసరు వైపు చూశారు, ఖాళీ పెట్టె వైపు చూశారు. "అక్కర్లేదు, ఉంచుకో. నేనూ వచ్చి వింటా," అన్నారు.

ఆ గుడ్డను ఆఫీసరు అడిగి తీసుకుని, మడిచి సొరుగులో దాచుకున్నాడు.

వారం తిరక్కుండా మాస్టారి గుమ్మంలోకి తెల్లగుడ్డ కట్టిన పార్సిలొకటి వచ్చింది. వంకర కుట్లు, లక్క బదులు ఎర్రమైనం, చిరునామా కింద చిన్న అక్షరాలతో "వేళకి తినండి". లోపల బిస్కెట్ల డబ్బా. మాస్టారు ఆ కుట్లను చాలాసేపు తడిమి, "చెయ్యి తిరగాలి," అని కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

డెలివరీ చార్జీ మాత్రం తీసుకున్నవారే కట్టాలని దానిమీద రాసి ఉంది.