ఉల్లిపాయలకు ఏడవని అమ్మ

మా ఇంట్లో పుట్టిన మహా అపరాధ పరిశోధకురాలిని నేనే. నా కంటిని చీమ కూడా తప్పించుకోలేదు. ఒకటే లోపం, అనుమానితులను ప్రశ్నించాలంటే నాకు సిగ్గు. అందుకని విచారణంతా డైరీలోనే జరుపుతాను. దానివల్ల ఇంతవరకూ నాతో ఎవరూ అబద్ధం చెప్పలేదు.

సోమవారం ఒక ఘోరం బయటపడింది. అమ్మ ఏడవడం మానేసింది!

ఆస్పత్రిలో తుడిచే పని ముగించుకుని వచ్చి, రోజూ ఉల్లిపాయలు కోస్తూ ముక్కు చీదుకునే మనిషి, వారంగా పొడికళ్లతో కూర దించుతోంది. చెత్తబుట్టలో ఒక్క ఉల్లిపొట్టు లేదు. పైగా వంటింటి తలుపు వేసుకుంటోంది. నేను చెవి ఆనించాను.

"ఏమే, తలుపుకి బల్లిలా అతుక్కున్నావు?" అంది నాయనమ్మ.

"చల్లగా ఉంది నాయనమ్మా."

లోపల అమ్మ గొణుగుతోంది. "విషం మింగినవాళ్లకి స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు..."

విషమా! ఎవరికి? ఉప్పెక్కువైందని రోజూ అమ్మను సాధించేది నాయనమ్మ. హత్యకు గురి కాబోయేది ఆవిడేనని తేల్చేశాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర ప్రాణాలకు తెగించి నాయనమ్మ కంచంలో కూర ముందు నేనే తిన్నాను. బాగుంది. నిర్ధారణ కోసం మళ్లీ తిన్నాను.

"నాకేమైనా మిగులుస్తావా?" అంది నాయనమ్మ.

బుధవారం వంటగట్టు కింద దూరి మాటు వేశాను. అమ్మ వచ్చి తలుపు వేసింది. 'చర్ర్'మని ఏదో చిరిగిన చప్పుడు. రెడ్ హ్యాండెడ్‌గా పట్టుకుందామని ఒక్క ఉదుటున లేచాను. నా తల పైనున్న అరకు కొట్టుకుంది. అరమీది పెద్ద గిన్నె దభాలున పడింది. అందులోంచి వేయించిన ఉల్లిపాయల పాకెట్లు, ఒలిచిన వెల్లుల్లి, టమాటా గుజ్జు డబ్బా దొర్లాయి. చివరగా ఒక పుస్తకం, 'ప్రథమ చికిత్స'.

చప్పుడుకి నాయనమ్మ తలుపు తోసుకుని వచ్చింది. బజారులో కొన్న వంట ఈ గడప దాటితే పచ్చినీళ్లు కూడా ముట్టనని ఒట్టు పెట్టుకున్న మనిషి. అమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"అత్తయ్యా... శుక్రవారం ఆస్పత్రిలో పరీక్ష. పాసైతే చీపురు మాన్పించి నర్సమ్మ పక్కన పనికి తీసుకుంటారు. చదువుకోడానికి ఉల్లిపాయలు కోసే ఈ అరగంట తప్ప దొరకలేదు."

నాయనమ్మ నాలుగు ఉల్లిముక్కలు నోట్లో వేసుకుని నిదానంగా నమిలింది.

"వారంగా నేను మారు వడ్డించుకుని తింటున్నది ఇదేనా?"

అమ్మ తల దించుకుంది.

నాయనమ్మ ఇంకో పాకెట్ తీసి అటూ ఇటూ తిప్పింది. పళ్లతో లాగింది. రాలేదు.

"దీన్ని ఎక్కడ చింపాలో చూపించు. చూపించి, పోయి చదువుకో. శుక్రవారం దాకా ఈ గది నాది."

బొప్పి తడుముకుంటూ, కేసు ఛేదించానని అక్కడికక్కడే ప్రకటించాను. కాకపోతే మనసులో.