సరేగారి పరీక్షాన్నం

ఆ ఉదయం లాడ్జి గదిలో అటుకుల డబ్బా అడుగు కనిపించింది. అత్తగారు డబ్బాను బోర్లించి, రెండుసార్లు తట్టి, "అల్లుడుగారూ, ఇవాళ వేడివేడిగా ఏదైనా తిందాం. భాష వచ్చిన మనిషి పక్కనుండగా పరాయిదేశంలో ఈ పస్తులేమిటి?" అన్నారు.

భాష వచ్చిన ఆ మనిషిని ఆఫీసులో 'సరేగారు' అంటారు. ఎవరేం చెప్పినా, అర్థమైనా కాకపోయినా, తల ఊపి సరే అనడం ఆయన అలవాటు. ప్రయాణానికి ముందు నెలల తరబడి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వరండాలో పచార్లు చేశారు గనక భాష వచ్చేసిందని అత్తగారు చుట్టపక్కాలందరికీ చాటేశారు. నిజానికి వచ్చింది భాష కాదు, కాళ్ళనొప్పులు. ఆ సంగతి చెప్పడానికి నోరు రాక, భాష లేకుండానే 'అంతా నేను చూసుకుంటా'నని బాస చేసేశారు. ఇప్పుడు గుట్టు బయటపడితే, వీళ్ళ విమానం దిగకముందే ఆ కబురు ఊళ్ళో దిగుతుంది.

ఎండ నెత్తికెక్కేసరికి సరేగారు, భార్య, అత్తగారు ముగ్గురూ ఒక అద్దాల తలుపు ముందు ఆగారు. లోపల తెల్లగుడ్డ పరిచిన బల్ల, పొడుగాటి తెల్లటోపీల మనుషులు, వెన్న కాగుతున్న వాసన. గుమ్మం మీద ఏదో రాసి ఉంది. సరేగారు దాన్ని శ్రద్ధగా పైనుంచి కిందికి చూసి, "భోజనశాల" అని తేల్చేశారు.

ఒక భారీ మనిషి ఎదురొచ్చింది. ముగ్గురినీ చూసి, మూడువేళ్ళు చూపించి ఏదో అడిగింది. సరేగారు తల ఊపారు. ఇంకేదో అడిగింది. ఊపారు. ఈసారి ఆవిడ వంగి మరీ అడిగింది. ఆయన కూడా వంగి మరీ ఊపారు. వెంటనే మూడు కుర్చీలు జరిగాయి. మెడలో తలా ఒక తెల్ల ఏప్రన్ పడింది. చేతికి తలా ఒక బుల్లి చెంచా వచ్చింది.

"ఇదేమిటండీ, మనం తినడానికొచ్చామా, వండడానికా?" అంది భార్య.

"ఇక్కడి మర్యాద. బట్టల మీద పడకుండా."

"మరి ఈ చెంచా? చంటిపిల్లలకి మందు పట్టేదిలా ఉంది."

"అదీ మర్యాదే."

ఒక అమ్మాయి మూతగిన్నె పట్టుకొచ్చింది. మూత టకటకలాడుతోంది. బల్ల ముందు నిలబడి, పాఠం అప్పజెప్పినట్టు చాలాసేపు చెప్పింది.

"ఏమంటోంది అల్లుడుగారూ?"

"వాళ్ళ అమ్మమ్మ దగ్గర నేర్చుకుందట."

ఆకలికి బుల్లి చెంచా ఏ మూలకి? అత్తగారు గిన్నె దగ్గరికి లాక్కుని ముగ్గురికీ తనే వడ్డించారు. గిన్నె ఖాళీ. పళ్ళేలూ ఖాళీ. అమ్మాయి కళ్ళప్పగించి చూస్తోంది.

"బాగానే ఉంది గానీ ఉప్పు ఒక రవ్వ తగ్గింది. చెప్పండి నాయనా. మనం చెప్పకపోతే పిల్లకెలా తెలుస్తుంది?" అన్నారు అత్తగారు.

సరేగారు రెండువేళ్ళతో చిటికెడు పట్టి, మొహం చిట్లించి, అరచెయ్యి అటూ ఇటూ ఆడించారు. అమ్మాయి మొహం పాలిపోయింది. భారీ మనిషి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయితే నేను తప్పినట్టేనా?" అని అమ్మాయి తన భాషలో సన్నగా అడిగింది.

సరేగారు నిండుగా తల ఊపారు.

అమ్మాయి భోరుమంది. సరిగ్గా అప్పుడే అద్దాల తలుపు తెరుచుకుని నల్లకోట్లు వేసుకున్న ముగ్గురు పెద్దమనుషులు లోపలికొచ్చి, ఆలస్యమైందన్నట్టు చేతులు జోడించి, తమ కుర్చీలకేసి చూసి నిలబడిపోయారు.

అప్పుడు సరేగారికి గది మొత్తం కనిపించింది. గోడవారగా పొయ్యిల వరస. ఒక్కో పొయ్యి దగ్గర ఒక్కో మనిషి, ఒక్కో మూతగిన్నె, ఒక్కో భయం. ఇది వంటబడి. ఇవాళ పరీక్ష. పరీక్షకుల కుర్చీల్లో బుభుక్షువులు కూర్చున్నారు. ఆ పిల్ల చదువంతా ఇప్పుడు ఆయన పొట్టలో ఉంది.

"ఏమండీ, మనం తిన్నది ఎవరి భోజనం?" భార్య గొంతు తగ్గించింది.

"భోజనం కాదు. పరీక్ష."

చెవులు కాలిపోతుంటే ఏప్రన్ ముడి విప్పబోయారు. అది పీటముడి పడింది. సిగ్గుతో పారిపోదామన్నా ఆ గుడ్డతోనే పారిపోవాలి. అత్తగారు మాత్రం లేచి వెళ్ళి, "రవ్వంత ఉప్పుకే ఇంత ఏడుపుటే పిచ్చిపిల్లా" అంటూ చీరకొంగుతో అమ్మాయి కళ్ళు తుడిచారు.

పెద్ద పరీక్షకుడు ఆ అమ్మాయి పొయ్యి దగ్గరికి నడిచాడు. బాణలి అడుగున మిగిలింది గీకి, పరీక్షకులు ముగ్గురూ తలా ఒక బుల్లి చెంచా నోట్లో వేసుకున్నారు. తుడిచినట్టున్న మూడు పళ్ళేలకేసి చూసి, తమలో తాము గొణుక్కుని, చివరికి అమ్మాయికి చెయ్యి కలిపారు. పొయ్యిల దగ్గర చప్పట్లు మోగాయి. అమ్మాయి పరుగున వచ్చి సరేగారి రెండు చేతులూ పట్టుకుని, నవ్వుతూ ఏడుస్తూ గడగడా ఏదో చెప్పింది.

తల తనంతట తాను ఊగబోయింది. ఆయన మెడ బిగపట్టి ఆపారు. అన్ని పచార్లలో ఆయన నాలుకకి పట్టింది ఒకే ఒక్క వాక్యం. దాన్ని వాళ్ళ భాషలో, వాళ్ళ యాసలో, ఒక్క అక్షరం పొల్లుపోకుండా పలికారు: "క్షమించండి, నాకు మీ భాష రాదు."

గది గొల్లున నవ్వింది. ఇంత చక్కగా పలికే మనిషికి భాష రాకపోవడమేమిటని భారీ మనిషి ఆయన భుజం తట్టింది. అమ్మాయి ఈసారి రెట్టింపు వేగంతో మొదలుపెట్టింది.

"ఏమంటోంది అల్లుడుగారూ?"

"తెలీదు అత్తయ్యగారూ. నాకు ఒక్క ముక్క రాదు. మొదట్నుంచీ రాదు. ఆ అమ్మమ్మని కూడా నేనే పుట్టించాను."

అత్తగారు నవ్వుతున్న జనాన్ని చూశారు, అల్లుడి చేతులు వదలని అమ్మాయిని చూశారు. "చూశావుటే," అన్నారు కూతురితో, "ఒక్క మాటతో ఇంతమందిని నవ్వించి, ఆ పిల్ల తనని పొగుడుతుంటే భాష రాదని ఎలా దాస్తున్నారో." భార్య ఎర్రబడ్డ ఆ చెవులకేసి చూసి, ఆయన ఏప్రన్ ముడి విప్పింది.

రాత్రి భోజనం మాట్లాడే పని కూడా ఆయనకే అప్పజెప్పారు.