మాస్ట్రోగారు ఊళ్ళో లేరు

ఊళ్ళో ఉండని గురువే ఉత్తమ గురువు. ఈ మాట ఊరికే అనడం లేదు, పద్నాలుగేళ్ళ అనుభవంతో అంటున్నాను.

ఊళ్ళో ఉన్న గురువుతో ఎన్ని చిక్కులో ఆలోచించండి! వేళకి పాఠానికి వచ్చేస్తాడు. తప్పు వాయిస్తే వినేస్తాడు. బజారులో ఎదురుపడి, మిరపకాయల బుట్ట ముందే, "నిన్నటి పాఠం సాధన చేశావా?" అని నిలదీస్తాడు. అదే గురువు దక్షిణ కొరియాలో ఉన్నాడనుకోండి. ఎంత ప్రశాంతం! ఎంత గౌరవం!

బల్గేరియాకి ఈ చివర, డాన్యూబ్ నది ఒడ్డున ఉన్న మా ఊరికి ఆ అదృష్టం పట్టింది. మా ఒపెరాకి, అంటే పాటలతోనే కథ నడిపే నాటక బృందానికి, ప్రధాన కండక్టరూ, సంగీత పాఠశాలలో ఆ విద్య నేర్పే గురువూ అయిన మెతోది పారుషెవ్‌గారిది అంతర్జాతీయ జీవితం. కండక్టరంటే టిక్కెట్లు కొట్టే ఆయన కాదు. వాయించేవాళ్ళు అరవైమంది, పాడేవాళ్ళు నలభైమంది ఎదురుగా ఉండగా చిన్న కర్ర పుచ్చుకుని నిలబడి, ఎవరెప్పుడు అందుకోవాలో, ఎవరెప్పుడు నోరు మూసుకోవాలో చేతులతో చెప్పే ఆయన. బస్సు కండక్టరు బస్సులో లేకపోతే కుదరదు. మా కండక్టరు ఊళ్ళోనే ఉండనక్కర్లేదు. తేడా అంతే!

ఒపెరా హాలు గుమ్మంలో ప్రపంచ పటం ఒకటి వేలాడదీశారు. మాస్ట్రోగారు, అంటే మా పారుషెవ్‌గారు, కర్ర ఆడించిన ప్రతి ఊరి మీదా ఒక ఎర్ర గుండుసూది. సియోల్, కైరో, సాంటియాగో... సూదుల బరువుకి పటం ఒక పక్కకి ఒరిగింది కూడా! మా ఊరి మీద మాత్రం సూది లేదు. సరిగ్గా అక్కడే పటానికి మడత పడింది.

పాఠాలు ఆగాయా అంటే, అదీ లేదు. విమానాశ్రయాల నుంచి పిల్లల ఫోన్లకి వాయిస్ మెసేజ్‌లు వచ్చేవి. "ఎడమ చెయ్యి ఇంకా మెత్తగా... ఆఁ, కాఫీలో చక్కెర వద్దండీ... ఎడమ చెయ్యి, ఎడమ చెయ్యి!" పిల్లలు అక్షరం పొల్లుపోకుండా రాసుకునేవారు. ఒకమ్మాయి 'చక్కెర వద్దు' కూడా సంగీత సూత్రమే అనుకుని, రెండేళ్ళపాటు ప్రేమగీతాలన్నిటినీ చేదుగా నడిపించింది.

మరి పనెవరు చేసేవారు? ఇస్క్రా చేసేది.

ఇస్క్రా గెంచెవాకి నలభై ఏడేళ్ళు. రిహార్సళ్ళలో పియానో వాయించడం ఆమె ఉద్యోగం. పదిహేడో ఏట పారుషెవ్‌గారి దగ్గర శిష్యురాలిగా చేరింది. ఆయన మొదటిసారి విదేశం వెళ్తూ, "రెండు వారాలు కాస్త చూసుకో, ఇస్క్రా" అన్నారు. చూసుకుంది. ఆ రెండు వారాలు పద్నాలుగేళ్ళయ్యాయి.

ఆ పద్నాలుగేళ్ళలో ముప్ఫై ఒక్క ఒపెరాలు ఆమె చేతిమీదుగా తయారయ్యాయి. ఒక్కోదానికి ఐదు వారాలు. తీరా అంతా సిద్ధమయ్యాక, ప్రదర్శనకి రెండు రోజుల ముందు మాస్ట్రోగారు పట్టు మఫ్లరుతో దిగేవారు. ప్రదర్శన సాయంత్రం కర్ర ఆడించి, చప్పట్లు అందుకుని, వచ్చిన పూలగుత్తిలోంచి ఒక పువ్వు ఆమెకిచ్చి, మర్నాడు విమానమెక్కేవారు. పోస్టరు మీద ఆయన పేరు రొట్టెముక్కలంత అక్షరాల్లో ఉండేది. ఆమె పేరు చదవాలంటే పోస్టరు ముందు మోకాళ్ళ మీద కూర్చోవాలి. అచ్చేసిన ప్రెస్సు పేరుకి కింద ఉండేది. పాఠశాల రిజిస్టరులో రోజూ 'పారుషెవ్ తరఫున' అని రాసి సంతకం పెట్టేది.

"నీకు కోపం రాదుటే అమ్మాయ్?" అని పెంచో అడిగేవాడు. పెంచో మా వాద్యబృందంలో మనిషంత ఎత్తున్న డబుల్ బేస్ వాయించే పెద్దాయన. బృందంలో అందరికీ మావయ్య వరస.

"ఎందుకు మావయ్యా? సంగీతమంతా నా దగ్గరే ఉంది. ఆయనకి దక్కేది ఆ చివరి పూలగుత్తేగా!"

"మరి ఆ పువ్వెందుకు దాస్తావు, పుస్తకంలో పెట్టి?"

ఇస్క్రా పియానో మూత తీసి, "మళ్ళీ మొదటినుంచి" అంది.

క్రితం ఏడు శరదృతువులో కొత్త సీజన్ మొదలైంది. కథానాయిక చనిపోవడానికి ముప్పావుగంట తీసుకునే పాత ఇటాలియన్ ఒపెరా. పొగమంచు వల్ల మాస్ట్రోగారి విమానం ఎక్కడో ఆగిపోయి, ఆయన సరిగ్గా ప్రదర్శన రోజు మధ్యాహ్నానికి చేరారు. "రిహార్సల్ అక్కర్లేదు. సంగీతం అంతర్జాతీయ భాష" అన్నారు.

సంగీతం సంగతేమో గానీ, తల ఊపడం అంతర్జాతీయ భాష కాదు! మా దేశంలో తల అడ్డంగా ఊపితే అవునని, నిలువుగా ఊపితే కాదని. ఇది మాకు తల్లిపాలతో వచ్చింది. పద్నాలుగేళ్ళు దేశాలు తిరిగి తిరిగి మాస్ట్రోగారి తల మాత్రం మారిపోయింది. రెండో అంకంలో బృందగాయకులు అందుకోవలసిన చోట ఆయన వాళ్ళ వైపు తిరిగి, కళ్ళు పెద్దవి చేసి, తల నిలువుగా ఊపారు.

నలభైమందీ నోళ్ళు మూసుకున్నారు.

ఆయన ఇంకా గట్టిగా ఊపారు. పాపం, వాళ్ళు ఒక అడుగు వెనక్కి కూడా వేశారు! వయొలిన్లు దిక్కులేక సాగుతున్నాయి. తెర పక్కన నిలబడి ఇస్క్రా చూస్తోంది. ఐదు వారాల పని! రెండడుగులు ముందుకొచ్చి, వాళ్ళకి కనబడేలా, తల అడ్డంగా ఊపింది. నలభై గొంతులూ ఒక్కసారి లేచాయి. అక్కణ్ణించి చివరిదాకా పాడేవాళ్ళంతా తెర పక్కకే చూస్తూ పాడారు. వాయించేవాళ్ళలో మెడ తిప్పగలిగినవాళ్ళూ అటే చూశారు. మాస్ట్రోగారు మా మధ్యనే నిలబడి గాలికి సంగీతం నేర్పారు.

మర్నాడు పత్రికలో సమీక్ష వచ్చింది. 'ప్రపంచాన్ని చూసిన చెయ్యి!' అని శీర్షిక. రాసింది నేనే.

ఆ శీతాకాలంలోనే పారుషెవ్‌గారు ఒపెరా ఉద్యోగానికి రాజీనామా పంపారు. సముద్రాల అవతల మోంటెవిడియోలో ఏడాదిపాటు పెద్ద పనేదో దొరికిందట. పాఠశాల రిజిస్టరులో పేరు మాత్రం అలాగే ఉంది. దాన్ని తీయాలని ఎవరికీ తోచలేదు. ఖాళీ అయిన పదవికి ఇస్క్రా దరఖాస్తు పెట్టింది. నగర సాంస్కృతిక సంఘం అధ్యక్షురాలు యోర్దాంకా గారు ఆమెను లోపలికి పిలిచి, కాఫీ ఇచ్చి, ఆప్యాయంగా మాట్లాడారు.

"ఇస్క్రా, నువ్వంటే మాకెంత ఇష్టమో నీకు తెలుసు. కానీ నిబంధన చూడు. 'అంతర్జాతీయ అనుభవం తప్పనిసరి.'"

"ముప్ఫై ఒక్క ఒపెరాలు తయారు చేశానండీ."

"ఎక్కడ?"

"ఇక్కడే."

"అదేనమ్మా మరి ఇబ్బంది!"

ఇస్క్రా తిన్నగా రిహార్సల్ గదికి వచ్చి, కోటు విప్పకుండా పియానో ముందు కూర్చుంది. వాయించలేదు. ముప్ఫై ఏళ్ళలో ఆమె పియానో ముందు ఊరికే కూర్చోవడం అదే మొదటిసారి అని పెంచో తరవాత చెప్పాడు. కిటికీలోంచి నది కనిపిస్తోంది. నది మీద పొడుగాటి వంతెన, దాని మీద లారీల వరస.

"అమ్మాయ్," అన్నాడు పెంచో, "ఆ వంతెన అవతలున్నది ఏమిటి?"

"రుమేనియా."

"అది విదేశమా, కాదా?"

ఇస్క్రా తల ఎత్తి చూసింది. "మావయ్యా, అవతల మనం టమాటాలు కొనుక్కోవడానికి వెళ్తాం!"

"టమాటాలకి వెళ్తే బజారు. వయొలిన్లతో వెళ్తే అంతర్జాతీయ పర్యటన."

పెంచో భార్య తరఫు చుట్టం ఒకాయన అవతలి ఊళ్ళో ఒక చిన్న హాలుకి మేనేజరు. వచ్చే ఆదివారమే కుదిరింది. ముప్ఫై ఇద్దరు వాద్యకారులూ, చీజ్ పెట్టి కాల్చిన బానిత్సా రొట్టెలూ, డబుల్ బేసూ ఒకే బస్సులో సర్దుకున్నారు. వంతెన మీద చెక్‌పోస్టులో బస్సు ఆపారు. ఆఫీసరు ఎక్కి, అందరి కార్డులూ చూసి అడిగాడు:

"ఏం పని మీద వెళ్తున్నారు?"

పెంచో ఇస్క్రా వైపు వేలు చూపించాడు. "ఈవిడ అంతర్జాతీయ జీవితం కోసం."

"ఎన్నాళ్ళు?"

"సాయంత్రం దాకా."

హాల్లో యాభై మందో అరవై మందో ఉంటారు. చలికి కోట్లు విప్పలేదు. కచేరీ మొదలైంది. ముందు వరసలో ముసలమ్మలు నిలువుగా తలలూపడం మొదలుపెట్టారు. మా క్లారినెట్ ఆయనకి ముచ్చెమటలు పోశాయి. "వద్దంటున్నారే!" అని పక్కవాణ్ణి గోకాడు. ఇస్క్రా మాత్రం ప్రేక్షకుల వైపు చూడలేదు. జీవితంలో మొదటిసారి ఆమె కళ్ళ ముందు పియానో లేదు, తెర లేదు, ఇంకొకరి వీపు లేదు. ముప్ఫై రెండు ముఖాలున్నాయి, అంతే. ఆ ముఖాలన్నీ ఆమెనే చూస్తున్నాయి.

ఆఖరి స్వరం ఆగాక చప్పట్లు మొదలయ్యాయి. ఇస్క్రా అలవాటు ప్రకారం కాగితాలు సర్దుకుని పక్క తలుపు వైపు నడిచింది. ముప్ఫై ఒక్క ఒపెరాలు చేసిన మనిషికి వంగి దణ్ణం పెట్టడం తెలియదు!

"అటు కాదే పిచ్చిదానా, ఇటు! వాళ్ళ వైపు తిరుగు!" అని పెంచో కేకేశాడు.

తిరిగింది. కాగితాలు గుండెకి అదుముకుని, ఎంతసేపు వంగాలో తెలియక చాలాసేపు వంగే ఉండిపోయింది. వయొలిన్లవాళ్ళంతా కమానులతో తమ స్టాండ్లమీద కొట్టారు. వాద్యకారుల చప్పట్లు అవే. లేచేసరికి ఆమె ముఖం తడిగా ఉంది. "ఇక్కడ దుమ్ము ఎక్కువ" అంది. పెంచో అవునని తల అడ్డంగా ఊపాడు.

రుమేనియా భాషలో పోస్టరు, విదేశీ ముద్ర, హాలు మేనేజరు సంతకం. మూడూ దరఖాస్తుకి జతపడ్డాయి. యోర్దాంకా గారు కళ్ళద్దాలు పెట్టుకుని ఆ పోస్టరుని ఎంతసేపు చూశారని! ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం కాకపోవడమే ఆమెకి బాగా నచ్చింది.

"ఇంత పేరొచ్చాక, ఇస్క్రాగారూ, మా చిన్న ఊరికి మీకు తీరిక ఉంటుందా?" అని 'గారు' చేర్చి మరీ అడిగారు.

ఉంటుందంది. నియమించారు. సన్మానం కూడా చేశారు! ఒక ఆదివారం మధ్యాహ్నం వంతెన అవతల గడిపినందుకు శాలువా లాంటిది కప్పి, గంటన్నర ఉపన్యాసాలిచ్చారు. ముప్ఫై ఒక్క ఒపెరాల మాట ఎవరూ ఎత్తలేదు. సభ మర్యాద చెడుతుందని కాబోలు. చివర ఇస్క్రాని రెండు మాటలు మాట్లాడమన్నారు.

"రేపు పదింటికి రిహార్సల్ ఉంది. ట్రంపెట్లవాళ్ళు రోజూ ఆలస్యంగా వస్తున్నారు" అని దిగిపోయింది.

సన్మానానికి పారుషెవ్‌గారు వచ్చారు. అంతదూరం నుంచి! జనమంతా వెళ్ళాక ఆయన మఫ్లరు తీసి మడతపెట్టి, ఆమె పక్క కుర్చీలో కూలబడ్డారు.

"పాఠశాలలో నా క్లాసు ఇంకా ఉందా, ఇస్క్రా?"

"రిజిస్టరులో మీ పేరే ఉంది. తరఫున మాత్రం నేను."

"నాకిచ్చెయ్. మోంటెవిడియో పని వదిలేశాను. ఇక ఎక్కడికీ వెళ్ళను."

ఆమె నవ్వింది. "మిమ్మల్ని ఎవరు వెళ్ళమన్నారు అసలు?"

"ఊరే వెళ్ళమంది. వెళ్ళకముందు ఇక్కడ పంతొమ్మిదేళ్ళు పనిచేశాను. నీకు గుర్తులేదూ? ఒక్క క్లాసు మానలేదు. ఏమిచ్చారు? గోడ గడియారం! కైరోలో నాలుగు రోజులు కర్ర ఊపి వస్తే స్టేషన్ నుంచి బాజాలతో తీసుకొచ్చారు." మడతపెట్టిన మఫ్లరు వైపు చూస్తూ అన్నారు: "లోకమంతా తిరిగాను. ఎక్కడా ఎవరికీ రెండో పాఠం చెప్పలేదు. అన్నిచోట్లా మొదటి పాఠమే. నీకు మాత్రమే చివరిదాకా చెప్పాను."

ఇస్క్రా తనకి కప్పిన శాలువా తీసి మడతపెట్టింది. ఆ తరవాత, "మంగళవారం నాలుగింటికి" అంది. "ఆలస్యంగా రాకండి."

ఆలస్యంగా రాలేదు. ఆ రోజు నుంచి ఒక్క మంగళవారమూ తప్పలేదు. పిల్లల మోచేతులు పట్టుకుని దిద్దుతున్నారట. ఒకే వాక్యం ఇరవైసార్లు చేయిస్తున్నారట. ముందు వారం చేసిన తప్పు ఎవరిదో గుర్తుపెట్టుకుంటున్నారట!

ఊళ్ళో గగ్గోలు మొదలైంది. "ప్రతి మంగళవారమా? ప్రతి అంటే, ప్రతీనా?" అని తల్లిదండ్రులు ఒకరినొకరు అడిగారు. "పిలిచేవాళ్ళు లేకనే వచ్చుంటాడు." "చెయ్యి వణుకుతోందేమో!" "నిజంగా గొప్పవాడైతే మన పిల్లలకి పాఠం చెప్పే ఖర్మేం పట్టింది?" పదకొండుమంది పిల్లల్లో నలుగురు పేర్లు తీసేయించుకున్నారు.

అందరికంటే ముందు వెళ్ళింది నేనే. పత్రికలో రాసేవాణ్ణి, నాకొక స్థాయి ఉండాలి కదా? మా అమ్మాయి పేరు కొట్టెయ్యమన్నాను. ఇస్క్రా రిజిస్టరు నా ముందుకి తోసి, పెన్ను ఇచ్చింది.

"మీరే రాయండి. పక్కన కారణం గడి ఉంది, అదీ నింపండి."

చాలాసేపు ఆలోచించాను. అబద్ధం రాయడం నాకు చేతకాదు. 'గురువుగారు ఊళ్ళోనే ఉన్నారు' అని రాసి సంతకం పెట్టాను.

ఈమధ్య మా అమ్మాయి మంగళవారాలు నాలుగు దాటాక ఇంట్లో కనబడటం లేదు. చీకటిపడే వేళకి వస్తుంది. సూపు తాగుతూ ఎడమ చేతిని గాల్లో మెత్తగా, ఎంతో మెత్తగా కదుపుతుంది. ఎక్కడికి వెళ్ళావని నేను అడగను. అడిగితే, ఈ ఊళ్ళోనే ఉన్నానంటుందేమోనని భయం.