చేరానని ఫోన్ వచ్చేదాకా

ఆ ఉదయం అత్తగారి పథకం చాలా చిన్నది. కోడలు స్నానం చేసి వచ్చేలోపు పాలు కాచి, ఇద్దరికీ కాఫీ కలిపి, కిటికీ దగ్గర కూర్చుని తాగాలి. లేత ఎండ వంటింటి గచ్చు మీద ఒళ్ళు విరుచుకుని పడుకుంది. దాన్ని చూస్తూ ఆవిడ ఏదో ఆలోచనలోకి జారిపోయింది. తేరుకునేసరికి గిన్నెలో పాలు విరిగి ముక్కలుగా తేలుతున్నాయి.

"మళ్ళీనా!" అంది కోడలు తల తుడుచుకుంటూ వచ్చి. "రెండు వారాలుగా ఇదే వరస అత్తయ్యా. సాయంత్రం పోయించుకున్న పాలు పొద్దుటికి ఆగడం లేదు."

కొడుకు బూట్లు వేసుకుంటూ, తలెత్తకుండానే తీర్పు చెప్పేశాడు. "ఇంక ఆ ఫ్రిజ్ పనైపోయిందమ్మా. నాలుగింటికి కొట్టువాళ్ళ బండి వస్తుంది. కొత్తది దించి పాతది పట్టుకుపోతారు."

"పట్టుకుపోయి?"

"ఏముంది, విప్పి పారేస్తారు."

అత్తగారి గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే ఆవిడకో అలవాటుంది. ఇంట్లోంచి ఎవరు బయల్దేరినా, వాళ్ళు మిగిల్చింది పారెయ్యదు. డబ్బాలో వేసి, మూత పెట్టి ఫ్రిజ్‌లో దాస్తుంది. క్షేమంగా చేరానన్న గొంతు చెవిన పడ్డాకే అది చెత్తబుట్టకి వెళ్ళాలి. ముందే పారేస్తే దారిలో వాళ్ళకేమవుతుందోనని భయం. రెండు వారాల కిందట హాస్టలుకి వెళ్ళిన మనవరాలి సగం కేకు అందులోనే ఉంది. పిల్ల మెసేజ్ పెట్టింది గానీ మెసేజ్‌కి గొంతుండదు కదా. కుళాయి బాగుచేసిన ప్లంబరు కొరికి వదిలిన అరటిపండుంది. మీటరు చూడటానికొచ్చినతను తాగగా మిగిలిన నీళ్ళున్నాయి. వాళ్ళెందుకు ఫోన్ చేస్తారు? అందుకే అన్నీ ఉన్నాయి. మూతలున్నాయి కనక కోడలు అవన్నీ అత్తగారి మందులూ మాకులూ అనుకుని వాటి జోలికి పోదు.

అన్నిటికన్నా వెనక, గోడవారగా, ఒక స్టీలు డబ్బా. ఎనిమిదేళ్ళ కిందట మామగారు రొట్టెముక్క సగం తిని, "వచ్చి తింటాలే" అంటూ ఆసుపత్రికి బయల్దేరారు. ఆయన ఫోన్ ఇంకా రాలేదు.

నాలుగింటిలోగా పాలు విరగడానికి కారణం కనిపెట్టాలి. లేకపోతే ఆ డబ్బాకి ఇల్లు లేదు. సర్దేటప్పుడు కోడలి కంట పడితే కొత్తదాంట్లోకి రానివ్వదు.

మొదటి అనుమానం పాలతని మీదికి పోయింది. అతను నెల డబ్బులకోసం వచ్చి, ఎప్పటిలా మంచినీళ్ళడిగి, సగం తాగాడో లేదో, "నిజం చెప్పు నాయనా, పాలల్లో ఏం కలుపుతున్నావు?" అంది.

"పదకొండేళ్ళుగా పోస్తున్నాను పెద్దమ్మా! నీళ్ళు కలిపానని ఎవరన్నా అన్నారా?"

"నీళ్ళు కలిపితే పలచబడతాయి, విరగవు. నువ్వింకేదో కలుపుతున్నావు."

"రేపట్నుంచి ఇంకొకర్ని చూసుకోండి!" అని గ్లాసు ఠపీమని పెట్టి వెళ్ళిపోయాడు.

మరుక్షణమే ఆవిడ ప్రాణం ఉసూరుమంది. కోపంగా వెళ్ళినవాడు దారి చూసుకుని నడవడు కదా! ఆ సగం గ్లాసుకి మూత పెట్టి ఫ్రిజ్ తెరిచింది. చోటు లేదు. వెనక డబ్బాల్ని ఇంకాస్త లోపలికి నెట్టింది.

తలుపు మూసి దానికి చెవి ఆనించింది. లోపల గుర్రుగుర్రుమని మెత్తని చప్పుడు, అచ్చం ఆయన మధ్యాహ్నపు గురకలాగే. ఆ నిద్రలో తనూ కాసేపు తేలింది. అప్పుడు తట్టింది: తలుపు సరిగ్గా పడటం లేదేమో, చలి బయటికి పోతోందేమో! వెళ్ళి ఆయన పాత బెల్టు తెచ్చి, ఫ్రిజ్ చుట్టూ తిప్పి, బిగించి కట్టింది.

కూరగాయల సంచితో వచ్చిన కోడలు అది చూసి కొయ్యబారిపోయింది.

"ఎవరు తీస్తారని కట్టారు అత్తయ్యా? పగలంతా ఇంట్లో మీరు కాక ఉండేది నేనొక్కదాన్నేగా! పాలు నేను తాగేసి పాడుచేస్తున్నాననా?"

"అయ్యో, అది కాదే..."

"ఇంకేం చెప్పకండి. మా అక్కావాళ్ళింటికి పోతున్నా." పాలు లేని టీ సగం తాగి, కప్పు బల్లమీద వదిలేసి, సంచీలో చీరలు కుక్కుకుంది. తిరిగొచ్చేసరికి అత్తగారు ఆ కప్పుకి మూత పెడుతోంది.

"ఆ ఎంగిలి టీకి మూతెందుకు?"

"నువ్వు చేరానని ఫోన్ చేసేదాకా ఉంచాలి కదమ్మా."

తెరిచిన నోరు కోడలింకా మూయకముందే గంట మోగింది. పాత ఫ్రిజ్ చూసిపోవడానికి కొట్టువాళ్ళు పంపిన మెకానిక్. అతను బెల్టు విప్పి, డబ్బాలు ఒక్కొక్కటే తీసి బల్లమీద పెట్టసాగాడు.

"ఇదేంటమ్మా?"

"ప్లంబరు అరటిపండు."

"ఇది?"

"మీటరతని నీళ్ళు."

ఆఖరి స్టీలు డబ్బాని పీకితే గాని రాలేదు. అతను వేళ్ళు ఊదుకున్నాడు. "దొరికింది దొంగ! వెనక ఈ కన్నంలోంచేనమ్మా చల్లగాలి రావాలి. ఈమధ్య ఇక్కడేమైనా సర్దారా?"

"మనవరాలి కేకుకి చోటు చేశాను," అంది అత్తగారు నీరసంగా.

"అదీ సంగతి! ఈ డబ్బా కన్నానికి అతుక్కుపోయింది. చలంతా ఇదే మింగుతోంది, పాలకి మిగిలేదేముంది? యంత్రం దుక్కలా ఉంది. కొత్తదెందుకు మీకు?"

మూత తీస్తే రొట్టెముక్క మంచు కప్పుకుని, పగటిపూట చందమామలా ఉంది.

"మామయ్యదా?" అంది కోడలు. అత్తగారు తలూపింది.

కోడలు సంచీ దించింది. చల్లారిన తన సగం టీ గటగటా తాగేసింది. మొగుడికి బండి వద్దని చెప్పి, ప్లంబరుకి ఫోన్ కలిపింది.

"చేరారా అండీ?"

"ఎక్కడికండీ?"

"మా ఇంటినుంచి మీ ఇంటికి."

"చేరి మూడు వారాలైంది కదమ్మా!"

అరటిపండు చెత్తబుట్టలో పడింది. ఫోన్‌లో మనవరాలు నవ్వింది, కేకు వెళ్ళింది. మీటరతని నెంబరు లేదు. అయితే అతను మొన్న వీధి చివర కనబడ్డాడని కోడలు ఒట్టేసింది. పాలతనితో అత్తగారే మాట్లాడింది.

"నోరు జారాను నాయనా. క్షేమంగా చేరావా?"

"చేరాను పెద్దమ్మా. సాయంత్రం ఎన్నింటికి పొయ్యమంటారు?"

ఇక ఒక్క డబ్బా మిగిలింది. ఆవిడ దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. మంచు మెల్లగా కరిగి చీర తడిసింది.

"ఊరెళ్తే ఒక్కనాడైనా ఫోన్ చేసిన మనిషా?" అంది చివరికి. "అడిగితే, 'ఎదురుగా ఉన్నానుగా, చేరినట్టే' అనేవారు. చేరే ఉంటార్లే."

కిటికీలో పూలకుండీ మట్టి తవ్వి, రొట్టెముక్కని అందులో పెట్టి కప్పింది. కడిగిన ఫ్రిజ్‌లో పాలగిన్నె ఒక్కటే వెలుతురులో నిలబడి ఉంది.

మెకానిక్ లేచాడు. అతని పళ్ళెంలో సగం బిస్కట్ మిగిలింది. అత్తగారి చూపు దాని మీద పడింది. చెయ్యి మూత కోసం తడుముకుంది.

కోడలు గబగబా గుమ్మం దాకా పరిగెత్తింది.

"ఇంటికి చేరగానే ఒక్క ఫోన్ చెయ్యండి."

"ఎందుకమ్మా?"

"లేకపోతే మా పాలు విరుగుతాయి."