కాళ్ళు పెట్టుకోవడానికో అలమార

ఎనభై మూడో సంవత్సరం. అమెరికాలో, న్యూజెర్సీలోని ఐసెలిన్ అనే ఊళ్ళో ఒక అద్దె అపార్ట్‌మెంట్. ఆ శనివారం పొద్దున్న జగన్మోహన్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. బాసు బార్ట్‌లెట్ వస్తాడు, ఉప్మా తింటాడు, బౌద్ధుల దేశంలో ఎలా మసలుకోవాలో నాలుగు ముక్కలు విని వెళ్ళిపోతాడు. అంతే.

అసలీ తద్దినం జగన్మోహన్ మెడకెందుకు చుట్టుకుందంటే, వాళ్ళ కంపెనీ పంపులు అమ్మడానికి బార్ట్‌లెట్ బ్యాంకాక్ వెళ్తున్నాడు. "బుద్ధుడు మీవాడే కదా జగన్, మర్యాదలన్నీ నువ్వే నేర్పాలి" అన్నాడు. జగన్మోహన్‌కి బుద్ధుడు చిన్నప్పుడు స్కూలు పాఠంలో తగిలాడే తప్ప మళ్ళీ ఎక్కడా ఎదురుపడలేదు. కానీ గ్రీన్‌కార్డ్ కాగితాల మీద సంతకం పెట్టాల్సింది ఆ బార్ట్‌లెట్టే. వీసా గడువు దగ్గరపడింది. సంతకం పడకపోతే తల్లినీ, పెళ్ళాన్నీ, పిల్లనీ వెంటబెట్టుకుని పెట్టెలు సర్దుకోవాల్సిందే. అందుకని "ఓ, తప్పకుండా" అనేసి, లైబ్రరీకి పరిగెత్తి బట్టీపట్టుకొచ్చాడు: గుమ్మంలో చెప్పులు విప్పాలి, ఎవరి తలా ముట్టుకోకూడదు, పెద్దల వైపూ బుద్ధుడి విగ్రహం వైపూ కాళ్ళు చాపకూడదు.

"ఓస్, ఇంతేనా! ఇవి మనింట్లోనూ ఉన్నవేగా. నేను చూసుకుంటాలే నాయనా" అంది తల్లి జానకీదేవి. కొంప అక్కడే మునిగింది.

బార్ట్‌లెట్ వచ్చాడు. దీపస్తంభమంత మనిషి. బుద్ధిగా బూట్లు విప్పి, నేల మీద కూర్చున్నాడు. మోకాళ్ళు మడత పడలేదు. కాళ్ళు రెండూ తిన్నగా ముందుకు చాపాడు.

"అయ్యయ్యో! వెంకటేశ్వరస్వామి పటానికేసి కాళ్ళా! తిప్పమనరా!"

జగన్మోహన్ తిప్పించాడు. అటుపక్క సోఫాలో జానకీదేవే కూర్చుని ఉంది. "నా మొహాన పెడతాడేవిట్రా పాదాలు? తల్లి వయసుదాన్ని!"

ఇంకోవైపు తిప్పించాడు. అక్కడ మనవరాలు మీనా స్కూలు పుస్తకాలు. "సరస్వతమ్మా! తప్పు, తప్పు!"

నాలుగోవైపు న్యూయార్క్ నుంచి తెచ్చిన బియ్యం బస్తా. ఆవిడ రెండు చెవులూ మూసుకుంది. "అన్నపూర్ణ తల్లిరా అది!"

ఆ మహానుభావుడు గడియారం ముల్లులా గిర్రున తిరుగుతూనే ఉన్నాడు. ఇక చూడలేక కోడలు జయంతి గోడలో ఉన్న కోట్ల అలమార తలుపు తీసింది. "ఏమండీ, ఇందులో పెట్టుకోమనండి. కింద వాక్యూమ్ క్లీనర్ తప్ప ఏమీ లేదు."

జానకీదేవి వంగి లోపల పరీక్షగా చూసింది. "దేవుడు లేడు, పెద్దలు లేరు, అన్నం లేదు. పెట్టుకోమను."

బార్ట్‌లెట్ కాళ్ళు మోకాళ్ళదాకా అలమారలో పెట్టుకుని, పైన కోట్లు వేలాడుతుండగా, ఉప్మా తిన్నాడు. కళ్ళు చెమర్చాయి. పచ్చిమిరపకాయ వల్ల కూడా కావచ్చు.

"ఎంత లోతైన ఆచారం జగన్! పాదాలు లోకానికి కనబడకుండా దాచుకోవడం!"

"సార్, అది... యాక్చువల్‌గా మా ఇల్లు ఇరుకు కాబట్టి..."

"ఇంత పనికొచ్చే మాట నాకెవరూ చెప్పలేదు. తిరిగి రాగానే నీ పేపర్స్ సైన్ చేస్తాను."

జగన్మోహన్ బాసు పళ్ళెంలో ఇంకో గరిటె ఉప్మా వేశాడు. బార్ట్‌లెట్ బ్యాంకాక్‌లో ఉన్నన్నాళ్ళూ ఇక్కడ జగన్మోహన్‌కి అన్నం సయించలేదు.

తిరిగొచ్చిన బార్ట్‌లెట్ మొహం మతాబాలా వెలిగిపోతోంది. "మీటింగ్‌లోకి వెళ్ళగానే అలమార అడిగాను. పాపం, పైఅంతస్తు నుంచి నలుగురు మోసుకొచ్చారు. నేను కాళ్ళు పెట్టగానే వాళ్ళ చైర్మన్ కాసేపు చూసి, తనకీ ఒకటి తెప్పించుకున్నాడు. కాంట్రాక్ట్ మనదే!"

సంతకం పడింది. కార్డు మాత్రం ఇంకా చేతికి రాలేదు. ఇంతలో ఆ చైర్మనే పంపులు చూడ్డానికి న్యూజెర్సీ వస్తున్నాడన్నారు. ఏర్పాట్లన్నీ జగన్మోహన్‌వే. బ్యాంకాక్ నుంచి చైర్మన్ సెక్రటరీ ఫోన్ చేశాడు.

"మా పెద్దాయన మీ అమెరికన్ పద్ధతి బాగా ప్రాక్టీస్ చేశారు సార్. కాకపోతే మోకాళ్ళ నొప్పులు. కాస్త ఎత్తు తక్కువ అలమార దొరుకుతుందా?"

పక్కనే ఉన్న బార్ట్‌లెట్‌కి ఫోనులో చివరి మాట ఒక్కటే వినబడింది. "చూశావా వాళ్ళ నిష్ఠ! తెప్పించు. నాకూ ఒకటి."

చైర్మన్ వచ్చిన రోజు ఆఫీసు మీటింగ్ గదిలో అలమారలు ఎదురెదురు గోడలకి ఆనించారు. అటువాళ్ళు అటు, ఇటువాళ్ళు ఇటు కాళ్ళు దోపుకుని, ఒకరికొకరు వీపులు తిప్పుకుని పంపుల బేరం సాగించారు. ఆచారం తెలిసిన పెద్దావిడ ఉండాలని బార్ట్‌లెట్ పట్టుబట్టి పిలిపించిన జానకీదేవి మధ్యలో కుర్చీ వేసుకుని, కాళ్ళు హాయిగా నేల మీద పెట్టుకుని కూర్చుంది.

"ఏవిట్రా జగనూ, వీళ్ళు పోట్లాడుకున్నారా?"

"ఊరుకో అమ్మా, నీకు దండం పెడతాను."

భోజనాల వేళకి చైర్మన్ మోకాళ్ళు రుద్దుకుంటూ మెల్లగా జగన్మోహన్ పక్కకి చేరాడు. "మీరు ఇండియన్ కదా, మాలాగే ఆలోచిస్తారు. నిజం చెప్పండి. ఈ అమెరికా వాళ్ళకి ఈ ఆచారం ఎక్కణ్ణుంచి వచ్చింది?"

జగన్మోహన్ తల్లి వైపు చూశాడు. ఆవిడ నిశ్చింతగా పెరుగన్నం కలుపుకుంటోంది. ఈ మొత్తం వ్యవహారంలో అతను మొట్టమొదటిసారి నిజం పూర్తిగా చెప్పాడు.

"ఐసెలిన్ నుంచండీ."