చేప మీద నీళ్లు

"నేటి నుంచి ఏథెన్స్ నగరంలో పాత చేప మీద నీళ్లు చల్లి తాజా చేపగా అమ్మేవాడు ప్రజాస్వామ్య ద్రోహి" అని నాయకులు తెలెసార్ఖోస్ గారు ప్రజాసభలో ప్రకటించారు. పర్షియావాళ్లను తరిమాక నగరం ఇంత ఊరట పొందడం ఇదే మొదటిసారి. మద్దతుగా అందరికన్నా ముందు చెయ్యెత్తినవాడు చేపల వ్యాపారి సిములోస్. పక్క అంగడివాడు చిక్కుకుంటే వాడి బేరాలు తనకొస్తాయని అతని లెక్క. తనూ నీళ్లు చల్లుతాడన్న సంగతి ఆ లెక్కలో కలపడం మరిచాడు.

మొదటి కేసు అతని మీదే పడింది. వేసింది తెలెసార్ఖోస్ గారే. ఓడితే అంగట్లో బల్ల ఎత్తేయాలి. ఇంకో పని రాదు.

ఏథెన్స్‌లో ఎవరి వాదన వాళ్లే చెప్పుకోవాలి. సిములోస్ ఒక రచయితచేత ఉపన్యాసం రాయించుకుని బట్టీపట్టాడు. ఆ రచయిత పాత సరుక్కే మెరుగుపెట్టి అంటగట్టాడని, చేపలవాడై ఉండీ పసిగట్టలేకపోయాడు. ఐదొందల మంది జ్యూరీ ముందు నిలబడ్డాడు. కాలం కొలిచే కుండలోంచి నీళ్లు కారడం మొదలైంది.

"అయ్యలారా, కోర్టు గుమ్మం తొక్కడం నాకిదే మొదలు..."

ముందు వరసలో ముసలి క్తేసోన్ అడిగాడు. "మరి నిన్న నా భుజం మీద గురక పెట్టిందెవర్రా?"

నిజమే. ఏళ్ల తరబడి సిములోస్ కూడా జ్యూరీలో ఒకడే. "ముద్దాయి అన్నాక ఏదో ఒకటి చేసే ఉంటాడు" అని పక్కవాళ్లకు నూరిపోసి, దోషి అని చెప్పే బోలు బిళ్లలే వేయించిన ఘనుడు. శిష్యులు గురువు మాట నిలబెట్టారు.

ఇక శిక్ష. వాది ఒకటి కోరాలి, ముద్దాయి ఒకటి కోరుకోవాలి. జ్యూరీ ఆ రెంటిలో ఒకటి ఎంచాలి, మధ్యస్థం లేదు. సిములోస్ జన్మలో చేప అమ్మకూడదని తెలెసార్ఖోస్ గారు గద్గద స్వరంతో కోరారు. సిములోస్ జ్యూరీ మొహాలు చూశాడు. పొద్దు వాలుతోంది, ఎవరూ తిన్నట్టు లేరు. జీవితంలో మొదటిసారి సరిగ్గా తూచాడు.

"తప్పే చేశానయ్యా. ఆ చేపలు సాక్ష్యంగా బయట గంపల్లో ఉన్నాయి. తమందరికీ పంచేస్తాను. అదే నాకు శిక్ష."

చట్టం మీద అంత గౌరవం ఆ కోర్టు ఎన్నడూ చూడలేదు. తీర్పు దాదాపు ఏకగ్రీవం. జ్యూరీ లేచి గంపల దగ్గర వరస కట్టింది. అందరికన్నా ముందు, జ్యూరీలో లేకపోయినా, తెలెసార్ఖోస్ గారున్నారు. గంపలోకి వంగి మొహం చిట్లించారు.

"ఎండకు వాడిపోయాయి కదయ్యా. కాస్త నీళ్లు చల్లు, కళగా ఉంటాయి."

సిములోస్ చుట్టూ చూశాడు. కోర్టు బంట్రోతు కాలం కొలిచే కుండ తెచ్చి అతని చేతికిచ్చాడు.