చౌడక్క ఉమ్ము, ఛైర్మన్ గారి సైన్సు

పెనుకొండ కొండవాలులో ఎవరుండాలో ఇకమీదట సైన్సే చెబుతుందని అభివృద్ధి మండలి ఛైర్మన్ అమర్‌నాథ్ గారు హిందూపురంలో విలేకరులను పిలిచి ప్రకటించారు. రికార్డులు తప్పు కావచ్చు, మనుషులు అబద్ధమాడవచ్చు, డీఎన్ఏ మాత్రం ఎవరి సిఫారసుకూ లొంగదని సెలవిచ్చారు. సిఫారసుల గురించి ఆయనకు తెలిసినంత జిల్లాలో ఇంకెవరికి తెలుసు? అసలైన స్థానికులెవరో తేల్చి, మిగతా వారిని సగౌరవంగా ఖాళీ చేయిస్తామన్నారు.

ఖాళీ చేయించాల్సింది మూడు గుడిసెలు, ఒక గొర్రెల దొడ్డి. ఆ చోట విహార కేంద్రం కట్టాలని ఛైర్మన్ గారికి రెండేళ్లుగా ఒకటే తపన. ఆ గుడిసెలకు పెద్దదిక్కు చౌడక్క. అరవై ఏళ్ల కిందట ఆ దొడ్డి పక్కనే పుట్టింది. నోటీసు వచ్చినప్పటి నుంచి ఆమెకు ముద్ద దిగడం లేదు. దొడ్డి పోతే గొర్రెలు పోతాయి, గొర్రెలు పోతే ఇంటిల్లిపాదీ బెంగళూరు కూలికి పోవాలి.

మండలి గుమాస్తా గోపాల్ ప్లాస్టిక్ గొట్టాలు పట్టుకొచ్చాడు.

"దీంట్లో ఉమ్మాలమ్మా."

"ఉమ్మితే ఇల్లు ఉంటాదా నాయనా?"

"ఉమ్మకపోతే మాత్రం ఉండదు."

మూడు గుడిసెల్లోని తొమ్మిది మందీ శ్రద్ధగా ఉమ్మారు. ప్రజలకు ఆదర్శంగా ఉండాలని ఛైర్మన్ గారు కూడా కెమెరాల ముందు ఉమ్మారు. ఆయన ఏ పనైనా ఇంత పారదర్శకంగా చేయడం అదే మొదటిసారి.

నెల తర్వాత ఫలితాలు వచ్చాయి; అందరినీ మండలి ఆఫీసుకు పిలిపించారు. గోపాల్ మెరుపులా మోసాన్ని పట్టేశాడు.

"తొమ్మిది గొట్టాల్లోనూ ఒకటే వచ్చింది సార్! ఈ ముసలామె ఒక్కతే అన్నిట్లో ఉమ్మింది."

"నేనొక్కదాన్నే యాడ ఉమ్మితినప్పా? నీ కండ్ల ముందరే కదా అందరం ఉమ్మింది!" చౌడక్క అడ్డుపడింది.

ల్యాబు నుంచి వచ్చిన డాక్టర్ మమత అడిగింది. "వీళ్లంతా మీకేమవుతారమ్మా?"

"ఈ సుంకప్పా, బాలప్పా నా తమ్ముండ్లు. వీండ్లిద్దరూ నా కూతుర్లు. కూతుర్లను తమ్ముండ్లకే ఇచ్చినా. ఆ నలుగురూ వాండ్ల పిల్లోళ్లు."

మమతకు నవ్వొచ్చింది. పరీక్షించింది మైటోకాండ్రియా డీఎన్ఏ; అది తల్లి నుంచే పిల్లలకు వస్తుంది, తండ్రిది రాదు. చౌడక్కకూ తమ్ముళ్లకూ వాళ్లమ్మది వచ్చింది. కూతుళ్లకు చౌడక్కది, మనవలకు ఆ కూతుళ్లది. మేనరికం పుణ్యమా అని మూడు గుడిసెల్లోనూ ఒకటే తల్లివంశం. పైగా అది దక్షిణాదిలో అతి పాత వంశాల్లో ఒకటనీ, యాభై వేల ఏళ్లకు పైమాటేననీ చెప్పింది.

"మరి నాది?" అన్నారు ఛైర్మన్ గారు.

"మీ తల్లిగారి వైపు వాళ్లు వాయవ్యం నుంచి వచ్చారు సార్. చాలా తర్వాత."

"మా నాయన పెనుకొండోడమ్మా!"

"ఇది నాయన సంగతి చెప్పదు సార్."

"నాయన సంగతి చెప్పని టెస్టు ఎవరు తెమ్మన్నారు?"

"మీరే సార్," అన్నాడు గోపాల్.

ఈ పరీక్ష జనం ఎక్కడెక్కడి నుంచి వచ్చారో చెబుతుంది గానీ భూమి ఎవరిదో చెప్పదని మమత నివేదిక మొదటి పేజీలోనే రాసింది. అది అట్ట అనుకుని ఎవరూ చదవలేదు.

ఛైర్మన్ గారు రెండు నిమిషాల్లో కొత్త దారి కనిపెట్టారు. గొప్పవాళ్లకు అంతకంటే ఎక్కువ పట్టదు.

పదిరోజుల్లో ధర్మవరంలో బ్రహ్మాండమైన సభ. ఛైర్మన్ గారు స్వహస్తాలతో చౌడక్కకు పట్టుచీర బహూకరించారు. "ఈ తల్లి మనకందరికీ ఆదిమాత! ఆమె పుట్టిన ఆ పవిత్ర స్థలాన్ని ఈ క్షణం నుంచే రక్షిత స్మారకంగా ప్రకటిస్తాండాం!"

"రక్షిత అంటే ఏమిరా?" చౌడక్క తమ్ముణ్ణి అడిగింది.

"కాపాడతారంటక్కా," అన్నాడు సుంకప్ప.

ఆమె కళ్లనీళ్లు పెట్టుకుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. ఆ రాత్రి కడుపు నిండా తిన్నది.

రక్షిత స్మారకంలో మనుషులు కాపురముండరాదనీ, జీవాలు అసలే ఉండరాదనీ వారం తర్వాత గోపాల్ కొత్త నోటీసు చదివి వినిపించాడు. గొర్రెలను సంతకు తోలారు. తమ్ముళ్లు భార్యాపిల్లలతో బెంగళూరు బస్సెక్కారు. చౌడక్క రొద్దంలో ఒక రేకుల గదికి చేరింది.

ఆరు నెలలకు ఆదిమాత స్మారక క్షేత్రం ప్రారంభమైంది, సందర్శకుల సౌకర్యార్థం విహార కేంద్రంతో సహా. దొడ్డి ఉన్నచోట ఆదిమాత నిలువెత్తు విగ్రహం పెట్టారని విని చౌడక్క చూడ్డానికి వచ్చింది. గేటు దగ్గర కాపలావాడు ఆపాడు.

"టికెట్టు ఏదవ్వా?"

"నేను ఈడిదాన్నేనప్పా."

"స్థానికులకు ఫ్రీనే. ఆధార్ తీయి."

ఆమె కొంగుముడి విప్పి కార్డు ఇచ్చింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి, తన చేతిలోని జాబితాతో సరిచూశాడు.

"ఈ అడ్రసులో ఇండ్లే లేవు కదవ్వా," అని కార్డు తిరిగిచ్చాడు. వెనక ఛైర్మన్ గారి ఇంటివాళ్లు కారు దిగుతున్నారు. "రవంత పక్కకు జరుగు. స్థానికులు వస్తాండారు."